ఉత్తరాలు ప్రభుత్వాలవి, కిస్తులు రైతులవి

(సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ రెండు ప్రభుత్వాల మధ్య నడిచిన ఉత్తరాల గురించి చెబుతాను. సర్కారు ఉత్తరాలతో మనకేం పని అనుకోవద్దు. ఆ ఉత్తరాల నిండా ఉన్నది రైతుల కిస్తుల సంగతే. జరిగింది 1932లో, ఐర్లండులో.

ముందు ఆ కిస్తులేమిటో చెప్పాలి. ఐర్లండులో భూములన్నీ భూస్వాములవి, దున్నేవాళ్లు కౌలుదార్లు. పెద్ద పోరాటాల తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం భూమి కొనుగోలు చట్టాలు చేసింది. భూస్వామికి సొమ్ము ముట్టజెప్పే ఏర్పాటు సర్కారుది. రైతు ఆ బాకీని ఏటా కిస్తులుగా తీర్చాలి. 1903 చట్టం కింద ఆ గడువు అరవై ఎనిమిదిన్నర ఏళ్లు. అంటే తాత చేసిన బాకీ మనవడు తీర్చాలి. మా పూర్వీకుల నుంచి గుంజుకున్న భూమిని మేమే మళ్లీ కొనుక్కోవడమేమిటని రైతులు అడిగారు.

1922లో ఐర్లండులో ఎక్కువ భాగం డొమినియన్ అయింది. కెనడా, ఆస్ట్రేలియాల మాదిరిగా స్వపరిపాలన ఉన్నా సామ్రాజ్యంలోనే ఉంది. కిస్తులు మాత్రం ఆగలేదు. డబ్లిన్ ప్రభుత్వం వసూలు చేసి లండన్‌కు పంపేది. ఏడాదికి సుమారు ముప్పై లక్షల పౌండ్లు. 1926 నుంచి డోనెగల్ ప్రాంతంలో పీడర్ ఓడొనెల్ కిస్తులు కట్టవద్దని రైతులను కూడగట్టాడు.

1932 మార్చిలో డి వలేరా అధికారంలోకి వచ్చాడు. లండన్‌లో డొమినియన్ల మంత్రి జె.హెచ్. థామస్. ఆయన ఒకప్పటి రైల్వే కార్మిక సంఘ నాయకుడే. మార్చి 23న ఆయన డబ్లిన్‌కు రాశాడు: కిస్తులు పంపుతామని మీరు మాటిచ్చారు, కట్టాల్సిందే అని. ఏప్రిల్ 5న డి వలేరా జవాబిచ్చాడు: అలాంటి మాట ఇచ్చినట్టు మాకు తెలియదు, న్యాయమైన బాకీ ఏదైనా ఉంటే తీరుస్తాం అని. నాలుగు రోజుల్లో థామస్ కాగితాలు బయటికి తీశాడు. పాత ప్రభుత్వం 1923లో ఒకటి, 1926లో ఒకటి ఒప్పందాలు చేసుకుంది. వీటిలో దేన్నీ ఐరిష్ శాసనసభ ఆమోదానికి పెట్టలేదు. 1923 నాటిదైతే తొమ్మిదేళ్లపాటు జనం కంటనే పడలేదు. రైతు తన చేత్తో కడుతున్న కిస్తు, ఎవరో ఎక్కడో పెట్టిన సంతకం మీద నడిచిందన్నమాట.

తర్వాత మధ్యవర్తిత్వం మాట వచ్చింది. ఇద్దరూ సరేనన్నారు. తగాదా ఎక్కడ వచ్చిందంటే, తీర్పు చెప్పేదెవరన్న దగ్గర. సామ్రాజ్యంలోని వాళ్లే ఉండాలని లండన్ పట్టు. బయటివాళ్లూ ఉండవచ్చని డబ్లిన్ పట్టు. ఇంటి పెద్ద మీద ఫిర్యాదు చేస్తే తీర్పు ఆ ఇంట్లోవాళ్లే చెప్పాలంటే ఎవరు ఒప్పుకుంటారు? మాట తెగలేదు. డబ్లిన్ సొమ్ము ఆపేసింది. జూలైలో బ్రిటన్ ఐరిష్ పశువుల మీద, వెన్న మీద నూటికి ఇరవై సుంకం వేసింది. తర్వాత ఇంకా పెంచింది. ఐర్లండు ఎగుమతుల్లో పదింట తొమ్మిది వంతులు అమ్ముడుపోయేది బ్రిటన్‌లోనే. డబ్లిన్ కూడా బ్రిటిష్ సరుకు మీద ఎదురు సుంకాలు వేసింది.

దెబ్బ పశువులు మేపే రైతు మీద పడింది. సంతలో ధర కూలిపోయింది. 1934 నాటికి దూడను చంపి తోలు తెస్తే పది షిల్లింగులిస్తామని ప్రభుత్వమే చెప్పింది. పాలిచ్చే జాతిని కన్నబిడ్డలా చూసుకునే రైతుకు అంతకంటే నరకం ఏముంటుంది? అంత కష్టంలోనూ కిస్తు మాఫీ కాలేదు. 1933 చట్టంతో సగమైంది, కానీ ఆ సగాన్ని డబ్లిన్ వసూలు చేసుకుంది. కట్టలేని వాళ్ల పశువులను జప్తు చేసి వేలం వేశారు. 1934 ఆగస్టులో కోర్క్ నగరంలో అలాంటి వేలం దగ్గర పోలీసులు కాల్పులు జరిపితే ఒక కుర్రవాడు చనిపోయాడు.

1938 ఏప్రిల్ 25న రాజీ కుదిరింది. ఐర్లండు ఒక్కసారిగా కోటి పౌండ్లు ఇచ్చింది, బాకీ రద్దయింది, ఆ సుంకాలు పోయాయి. దేశానికి గెలుపే. కిస్తు సగానికి తగ్గడం రైతుకూ లాభమే. కానీ ఆరేళ్ల నష్టాన్ని ఎక్కువగా మోసింది పశువుల రైతు.

ఇది ఎక్కడో పాత కథ కాదు. 2021-22లో యాసంగి వడ్ల తగాదా గుర్తు చేసుకోండి. ఉప్పుడు బియ్యం ఇవ్వబోమని రాష్ట్రం రాసిచ్చిందని కేంద్రం అన్నది. ఒత్తిడి పెట్టి రాయించుకున్నారని రాష్ట్రం అన్నది. ఆ కాగితం రాసేటప్పుడు కల్లంలో వడ్లు పోసుకున్న మనల్ని ఎవరైనా అడిగారా?

అందుకే మూడు మాటలు మనసులో పెట్టుకోండి. మన పంట మీద, భూమి మీద, బాకీ మీద ఏ ప్రభుత్వం ఎవరికి ఏం రాసినా, దాని నకలు అడగాలి. సమాచార హక్కు చట్టం ఉన్నది అందుకే. తగాదా వస్తే తీర్పు చెప్పేదెవరో ముందే అడగాలి. ప్రభుత్వాలు పంతానికి పోతే, ఆ పంతం నడిచినన్నాళ్లూ రైతు నష్టం ఎవరు భరిస్తారో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. మండల కమిటీలు వచ్చే నెల నుంచే ఈ పని మొదలుపెట్టాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.