గుడ్డు ధర, సైన్యం పద్దు



ఈ సభ ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో, ఆ మాస్టారు తణుకులో చాలామందికి ఆర్థికశాస్త్రం చెప్పారు. బడ్జెట్ పెట్టిన మర్నాడు అందరూ పేపర్లో ఏది పెరిగింది, ఏది తగ్గింది అని వెతుక్కుంటుంటే ఆయన ఖర్చుల పట్టిక చదవమనేవారు. అందుకే ఈ స్మారకోపన్యాసానికి రక్షణ ఖర్చుల లెక్కను ఎంచుకున్నాను. విషయం చెప్పినప్పుడు నిర్వాహకులు కొంచెం తటపటాయించారు. సైన్యం సంగతులు బహిరంగ సభలో మాట్లాడొచ్చా అని వాళ్ళ సందేహం. మాట్లాడొచ్చు. ఎందుకు మాట్లాడాలో ఒక గుడ్డుతో మొదలుపెట్టి చెబుతాను.

2023 జనవరి 21న ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని ‘జెర్కాలో తిజ్న్యా’ పత్రికలో యూరీ నికోలోవ్ అనే విలేకరి ఒక వార్త రాశాడు. రష్యాతో పూర్తిస్థాయి యుద్ధం మొదలై ఏడాది కావస్తోంది. సైనికులకు ఆ ఏడాది భోజనం సరఫరా చేయడానికి రక్షణ శాఖ కుదుర్చుకున్న ఒప్పందం అతని చేతికి దొరికింది. మొత్తం 1,316 కోట్ల హ్రివ్నియాలు. అందులో ఒక గుడ్డు ధర 17 హ్రివ్నియాలు. అదే వారం కీవ్ దుకాణాల్లో గుడ్డు చిల్లరగా 7 హ్రివ్నియాల చొప్పున అమ్ముతున్నారు. మన డబ్బుల్లో చెప్పాలంటే బజారులో పదిహేను రూపాయల గుడ్డుని సైన్యానికి ముప్పై ఏడు రూపాయలకి కొన్నట్టు. లక్షల్లో కొనేవాడికి చిల్లర ధర కన్నా తక్కువ పడాలి గాని ఎక్కువ ఎలా పడుతుందని అతను అడిగాడు.

ఈ ప్రశ్నలోని బలం తణుకు వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. మన చుట్టూ కోళ్ళ ఫారాలే. ఇక్కడి గుడ్లు లారీలకెక్కి బెంగాల్‌కీ అస్సాంకీ వెళతాయి. పొద్దున్నే నెక్ రేటు చూడకుండా పని మొదలుపెట్టే ఫారం యజమాని లేడు. 1982లో బి.వి. రావు గారి చొరవతో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం (నెక్) పుట్టేదాకా దళారి చెప్పిందే ధర. ఎక్కడో కలకత్తాలో ఎంతకి అమ్ముడవుతోందో ఇక్కడి రైతుకి తెలిసేది కాదు. ధర పదిమందికీ ఒకేసారి తెలియడం మొదలయ్యాక దళారి పెత్తనం తగ్గింది. ఆ సంఘం మీద ఫిర్యాదులు ఉండొచ్చు. ధర నలుగురికీ తెలిస్తే ఏం జరుగుతుందన్నది మాత్రం ఈ ప్రాంతం అనుభవంతో నేర్చుకున్న పాఠం.

క్షిపణి ధర సరైనదో కాదో నాకూ మీకూ తెలియదు. దాన్ని పోల్చి చూడటానికి బజారు లేదు. గుడ్డుకి, బూటుకి, దుప్పటికి బజారుంది. అందుకే సామాన్యుడు రక్షణ లెక్కల్లోకి ప్రవేశించగల గుమ్మం అక్కడే ఉంది. గుడ్డు ఒప్పందం మీద సంతకం చేసిన శాఖే తుపాకుల ఒప్పందం మీదా సంతకం చేస్తుంది. మొదటిదాన్ని చూసి రెండోదాని మీద ఎంత నమ్మకం ఉంచాలో జనం నిర్ణయించుకుంటారు. ఉక్రెయిన్‌లో అదే జరిగింది.

ఆ దేశానికి లెక్క దాచే ఈ జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం వివరంగా చెప్పాలి. 1991 దాకా అది సోవియట్ యూనియన్‌లో భాగం. సోవియట్ బడ్జెట్‌లో రక్షణకి ఒకే ఒక్క అంకె ఉండేది, దాని కింద వివరం ఏమీ ఉండేది కాదు. 1989కి ప్రకటించిన అంకె 2,020 కోట్ల రూబుళ్ళు. అదే ఏడాది మే 30న గోర్బచెవ్ ప్రజాప్రతినిధుల మహాసభలో లేచి అసలు ఖర్చు 7,730 కోట్ల రూబుళ్ళని చెప్పాడు. దాదాపు నాలుగు రెట్లు. అంతకుముందు దశాబ్దాల తరబడి సుప్రీం సోవియట్ ఆ అంకెకి చేతులెత్తి ఆమోదం తెలుపుతూ వచ్చింది. విదేశీ నిపుణులు ఈ కొత్త అంకెనీ నమ్మలేదు, ఇంకా ఎక్కువే అన్నారు.

దాపరికం ఒక్కటే దీనికి కారణం కాదు. అక్కడ ఉక్కు ధర, బొగ్గు ధర, ఇంజనీరు జీతం అన్నీ ప్రభుత్వం ఆదేశంతో నిర్ణయించినవే. ట్యాంకు తయారీకి నిజంగా ఎంత అవుతుందో తయారుచేసిన వాడికీ తెలియదు. దానికితోడు ఖర్చుల్ని ఇతర శాఖల్లోకి సర్దేవారు. అణ్వాయుధాలు తయారుచేసే శాఖకి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘మధ్యతరహా యంత్ర నిర్మాణ మంత్రిత్వ శాఖ’. జనానికి తెలియకుండా దాచిన లెక్క చివరికి ఏలికలకి కూడా తెలియకుండా పోయింది. రొట్టె కోసం వరసలో నిలబడ్డ దేశం సైన్యం మీద ఎంత పెడుతోందో తూచి చూసుకునే త్రాసే లేకపోయింది. సోవియట్ పతనానికి కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో దీన్ని నేను చిన్నదిగా చూడను.

విడిపోయిన దేశాలకి ఆ కర్మాగారాలతోపాటు ఆ అలవాటూ వారసత్వంగా వచ్చింది. 2014లో రష్యా క్రిమియాను ఆక్రమించినప్పుడు ఉక్రెయిన్ సైనికులకి సరైన బూట్లు, కవచాలు లేవు. ఊళ్ళలో జనం చందాలు వేసుకుని కొనిచ్చారు. ఆ తరవాతే అక్కడ ప్రొజోరో అనే కొనుగోళ్ళ వేదిక వచ్చింది. అందులో ప్రభుత్వ కొనుగోళ్ళ టెండర్లూ, ధరలూ ఎవరైనా చూడొచ్చు. 2022లో యుద్ధం రాగానే సైన్యం కొనుగోళ్ళని మళ్ళీ తెర వెనక్కి తీసుకెళ్ళారు. ఏ దళం ఎక్కడుందో శత్రువుకి తెలుస్తుందన్న భయం. ఆ భయం న్యాయమైనదే. 17 హ్రివ్నియాల గుడ్డు దూరింది మాత్రం ఆ తెర వెనకే.

వార్త రాగానే రక్షణ మంత్రి రెజ్నికోవ్ అది సాంకేతికమైన పొరపాటన్నారు, విలేకరి ఉద్దేశాన్ని శంకించారు. మూడు రోజుల్లో ఉపమంత్రి షపొవలోవ్ రాజీనామా చేశారు. సెప్టెంబరులో మంత్రీ మారారు. యుద్ధం నడుస్తుండగా ఇలాంటివి రాస్తావా అని నికోలోవ్‌ని తిట్టినవాళ్ళు ఉన్నారు. ఏడాది తరవాత అతని ఇంటి తలుపు బాది బెదిరించినవాళ్ళూ ఉన్నారు. అయినా ఆ దేశపు పార్లమెంటు 2023 ఫిబ్రవరిలో, బాంబులు పడుతున్న రోజుల్లోనే, ఆయుధాలు కాని సరుకుల విడి ధరలు బయటపెట్టాలని చట్టం చేసింది. భోజనం, దుస్తులు, ఇంధనం కొనడానికి విడిగా ఒక సంస్థ ఏర్పాటైంది, అది మళ్ళీ ప్రొజోరోలో బహిరంగ వేలం ద్వారా కొనడం మొదలుపెట్టింది. ఎవరికి, ఎక్కడికి పంపుతున్నారన్నది రహస్యంగానే ఉంచారు. ఎంతకి కొన్నారన్నది మాత్రం తెరిచి పెట్టారు. ఈ రెంటినీ విడదీయడం సాధ్యమేనని, అదీ యుద్ధం మధ్యలో, వాళ్ళు చేసి చూపించారు. నాకు ఆ చట్టం మీద గౌరవం ఉంది.

ఇక మన లెక్క. 2025-26కి రక్షణ శాఖ కేటాయింపు 6,81,210 కోట్ల రూపాయలు. కేంద్రం ఖర్చుపెట్టే ప్రతి వంద రూపాయల్లో పదమూడుకి పైగా. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర బడ్జెట్ మొత్తానికి ఇది రెండింతలు దాటింది. మనకి సోవియట్ దాపరికం లేదు, ఆ మాట గట్టిగా చెప్పాలి. 19 నుంచి 22 దాకా నెంబర్లున్న నాలుగు డిమాండ్ల (ఖర్చుకి పార్లమెంటు అనుమతి కోరే పద్దుల) కింద లెక్క అచ్చవుతుంది. జీతాలు, నిర్వహణ లాంటి రెవెన్యూ ఖర్చు 3,11,732 కోట్లు, ఆయుధాలు, ఓడలు, విమానాల పెట్టుబడి వ్యయం 1,80,000 కోట్లు, పెన్షన్లు 1,60,795 కోట్లు. మిగిలింది పౌర విభాగానిది. పార్లమెంటు స్థాయీ సంఘం పరిశీలిస్తుంది, కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) ఆడిట్ చేస్తుంది. ఇరుగుపొరుగు దేశాలతో పోలిస్తే ఇది గర్వించదగ్గ ఏర్పాటు.

కానీ లోపలికి వెళ్ళే కొద్దీ వెలుతురు తగ్గుతుంది. సైన్యం రెవెన్యూ ఖర్చు పద్దు సంఖ్య 2076. అందులో 110 అనే ఉపపద్దు పేరు ‘స్టోర్స్’. రేషన్లు, దుస్తులు, ఇంధనం, మందుగుండు అన్నీ ఆ గొడుగు కిందికే వస్తాయి. వేల కోట్ల ఆ పద్దులో జవాను తినే గుడ్డు ఎంతకి కొన్నారో పౌరుడికి దొరకదు. ఈ మొత్తం మీద సభలో చర్చ జరుగుతుందా అంటే, 2018లోనూ 2023లోనూ లోక్‌సభ అన్ని శాఖల డిమాండ్లనూ చర్చ లేకుండా ఒక్కసారిగా గిలటిన్ చేసి ఆమోదించింది. వాటిలో రక్షణా ఉంది. కారణం ఏ పక్షం గొడవైనా కావచ్చు. పోయింది మాత్రం అడిగే అవకాశం.

2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకి వచ్చిన కాగ్ నివేదిక ఒకటి ఇక్కడ ప్రస్తావించాలి. సియాచిన్, లడాఖ్ లాంటి ఎత్తైన చోట్ల ఉండే జవాన్ల దుస్తులు, తిండి గురించినది. మంచు కళ్ళద్దాల కొరత 62 నుంచి 98 శాతం దాకా ఉందని అందులో తేలింది. 2015 నవంబరు నుంచి 2016 సెప్టెంబరు దాకా కొత్త బూట్లు ఇవ్వలేదు, పాతవాటినే బాగుచేసి వాడుకున్నారు. తిండి సంగతి మరీ బాధ కలిగిస్తుంది. ఒక పదార్థానికి బదులు మరొకటి ఇచ్చేటప్పుడు ఖరీదుకి ఖరీదు సరిపెట్టారు. బదులు ఇచ్చే పదార్థం ప్రియమైనది కావడంతో తూకం తగ్గిపోయింది. దాంతో జవానుకి అందాల్సిన కేలరీల్లో కొన్నిచోట్ల 82 శాతం దాకా కోత పడింది. గడ్డకట్టే చలిలో కాపలా కాసేవాడి పళ్ళెంలో ఈ కోత వేసింది శత్రువు కాదు, ఒక లెక్కల పద్ధతి. ఆ లెక్క బయటికొస్తే గాని దాన్ని సరిదిద్దమని అడిగేవాళ్ళు ఉండరు.

ఆ నివేదిక చదువుదామని కాగ్ వెబ్‌సైటు తెరిచినవాళ్ళకి అది దొరకలేదు. 2017లో మందుగుండు నిల్వల కొరత మీద వచ్చిన నివేదిక పెద్ద దుమారం లేపాక, రక్షణ ఆడిట్ నివేదికల్ని వెబ్‌సైటులో పెట్టడం ఆపేశారు. పరాయి దేశాలకి అంత తేలిగ్గా అందకూడదన్న ఆలోచనతో ఆ నిర్ణయం తనే తీసుకున్నానని అప్పటి కాగ్ రాజీవ్ మెహర్షి 2020లో చెప్పారు. పార్లమెంటులో పెట్టిన కాగితం ఎంపీకీ, ఢిల్లీ విలేకరికీ అందుతుంది. గూఢచారికీ అందే ఉంటుందని నేను అనుకుంటాను. అందనిది తణుకు కాలేజీ పిల్లవాడికి. మందుగుండు ఎన్ని రోజులకి సరిపోతుందన్నది దాచమనండి, నేను ఒప్పుకుంటాను. బూట్ల లెక్క దాచడాన్ని ఒప్పుకోలేను.

దాచాల్సినవి ఉన్నాయని ఈ ప్రాంతం వాళ్ళకి వేరే చెప్పాలా? విశాఖలో అణు జలాంతర్గామి కడుతున్నంతకాలం దాన్ని ‘అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ వెసెల్’ అనే పొడి పేరుతోనే పిలిచారు. 2009 జూలై 26న అరిహంత్‌గా నీళ్ళలోకి దిగేదాకా పక్క వీధి వాళ్ళకీ దాని గురించి సరిగ్గా తెలియదు. అలాగే ఉండాలి. మన ఆంధ్రా షుగర్స్ వాళ్ళు ఇస్రో రాకెట్లకి ద్రవ ఇంధనం తయారుచేసి పంపుతున్నారు. ఆ ట్యాంకరు ఏ రాత్రి ఏ దారిన వెళుతుందని మనం అడగం, అడగకూడదు. శత్రువు వాడుకోగలిగింది దాచాలి. గుత్తేదారు మాత్రమే వాడుకోగలిగింది దాచకూడదు. నాకు తెలిసినంతలో ఈ గీత గీయడం కష్టం కాదు, గీయాలన్న పట్టుదల ఉండాలి. సమాచార హక్కు చట్టం కూడా ఆ గీతను కొంత గీసింది. డీఆర్‌డీవో లాంటి సంస్థల్ని రెండో షెడ్యూల్లో మినహాయిస్తూనే, అవినీతి ఆరోపణల విషయంలో ఆ మినహాయింపు చెల్లదంది.

ఇక్కడికి కొంచెం దూరంలో, తాడేపల్లిగూడెం మండలంలో మాధవరం ఉంది. మిలిటరీ మాధవరం అంటేనే ఎవరైనా గుర్తుపడతారు. రెండు ప్రపంచయుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు. తాత సుబేదారు, తండ్రి హవల్దారు, కొడుకు నాయక్ అన్న ఇళ్ళు అక్కడ వింత కాదు. రక్షణ లెక్కలు అడిగితే సైన్యాన్ని అవమానించినట్టని ఎవరైనా అన్నప్పుడు నాకు ఆ ఊరే గుర్తొస్తుంది. సియాచిన్‌లో బూటు లేకపోతే మంచుకి దెబ్బతినే కాలు ఆ ఊరి పిల్లవాడిది. పెన్షన్ పద్దులోని 1,60,795 కోట్లలో ఏ నెలైనా ఆలస్యమైతే మందుల చీటీ పట్టుకుని కూర్చునేది ఆ ఊరి ముసలాయన. లెక్క అడగడం వాళ్ళ తరఫున మాట్లాడటమే. సర్వీసులో ఉన్న జవాను నోరు విప్పడానికి సైనిక క్రమశిక్షణ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. కాబట్టి అడగాల్సిన పని యూనిఫారం లేనివాళ్ళదే.

నేను కోరేవి పెద్దవేమీ కావు. తిండి, దుస్తులు, బూట్లు, పరుపులు, మందుల కొనుగోళ్ళలో విడి ధరల్ని ఒప్పందం కుదిరిన ఆరు నెలలకైనా ప్రచురించాలి. ఎక్కడికి, ఎంత పరిమాణంలో అన్నది దాచినా ఫరవాలేదు. కాగ్ రక్షణ నివేదికల్లో ఆయుధాల నిల్వల వివరాలు తీసేసి మిగతాది వెబ్‌సైటులో పెట్టాలి. లోక్‌సభలో రక్షణ డిమాండ్ల మీద ఏటా ఒక్క పూటైనా చర్చ జరగాలి. నరసాపురం నుంచి ఎవరు ఎంపీగా వెళ్ళినా వాళ్ళని ఈ మూడూ అడగమని, ఈ సభ నుంచే ఒక వినతిపత్రం పంపమని నిర్వాహకులకి నా మనవి. డిమాండ్ల కాగితాలు కేంద్ర బడ్జెట్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో రెవెన్యూ ఖర్చు ఉండే 20వ నెంబరు డిమాండ్‌ని ఈసారి బడ్జెట్ వచ్చిన వారంలోనే అచ్చు తీయించి కాలేజీ లైబ్రరీలో పెట్టిస్తానని ప్రిన్సిపాల్ గారు ఇందాక నాతో అన్నారు. దాని ఖర్చు నేను పెట్టుకుంటాను.