ముట్టు – మనసు – మన ఆచారం

ఈ రోజు ఆడవాళ్ళతోపాటు మగవాళ్ళు కూడా వినవలసిన విషయం ఒకటి మాట్లాడుకుందాం. నెలనెలా వచ్చే బహిష్టుకూ, స్త్రీ నలుగురితో మెలిగే తీరుకూ ఉన్న సంబంధం ఏమిటి?

మన సరిహద్దు ప్రాంతంలో తెలుగువారైనా, కన్నడంవారైనా దీన్ని ‘ముట్టు’ అనే అంటాం. రెండు భాషల్లోనూ ఆ మాటకు తాకడం అనే అర్థం కూడా ఉంది. అయినా ముట్టయిన మనిషిని ముట్టుకోకూడదంటాం!

ముందుగా శరీరం సంగతి చూద్దాం. అండాశయాల నుంచి ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ అనే హార్మోనులు రక్తంలో కలుస్తాయి. అండం విడుదలయ్యేదాకా ఈస్ట్రోజన్ పెరుగుతుంది, ఆ తర్వాత ప్రొజెస్టరాన్ పెరుగుతుంది. గర్భం రాకపోతే ముట్టుకు ముందు రెండూ పడిపోతాయి. ఈ హెచ్చుతగ్గులు మెదడు మీద కూడా పనిచేస్తాయి. అందుకే కొందరికి ఆ ముందు రోజుల్లో చిరాకు, దిగులు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం ఉంటాయి. ముట్టు మొదలైన కొద్ది రోజులకే అవి సర్దుకుంటాయి.

మన బళ్ళారి జిల్లా విడిపోయి ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో కలిసిన 1953లోనే, ఇంగ్లండులో డాక్టర్ రేమండ్ గ్రీన్, డాక్టర్ కేథరీనా డాల్టన్ ఈ బాధలను వివరిస్తూ వ్యాసం ప్రచురించారు. 1998లో అమెరికాలో పీటర్ ష్మిట్ బృందం మరో సంగతి తేల్చింది. అండాశయాల పనిని మందుతో ఆపి, తిరిగి అవే హార్మోనులు ఇస్తే, ముందు నుంచి ఈ బాధ ఉన్నవారికే మనసు కలత చెందింది. లేనివారు మామూలుగానే ఉన్నారు. కాబట్టి ‘ఆడవాళ్ళంతా ఇంతే’ అనే మాట నిలవదు.

మరి మన ఆచారం చేస్తున్నదేమిటి? మనసు కలతపడే ముందు రోజుల్లో ఆమెతో ఇంటిపని, పొలంపని అంతా చేయిస్తాం. మనసు కుదుటపడే రోజుల్లో వాకిట్లో కూర్చోబెడతాం. తరగతిలో గలగల మాట్లాడే పిల్ల ఆ రోజుల్లో వెనక బెంచీకి పోయి, ప్రశ్న అడిగినా లేచి నిలబడదు. అది హార్మోను పని కాదమ్మా, లంగాకు మరక అంటిందేమోనన్న భయం!

ఇంకొక మాట. కూలి డబ్బు తాగుడుకు పోయిందని భార్య నిలదీస్తే, ‘ముట్టు దగ్గరపడిందిలే’ అని తోసెయ్యకండి. ఆమె కోపానికి కారణం నెలలో ఏ రోజైనా కారణమే.

కర్ణాటక ప్రభుత్వం 2025లో ఉద్యోగినులకు నెలకు ఒక రోజు జీతంతో సెలవు ఇచ్చే విధానాన్ని ఆమోదించింది. కాని వరి నాట్లు వేసే అక్కకు సెలవు ఎవరిస్తారు? ఇంట్లోవాళ్ళమే ఇవ్వాలి. కడుపునొప్పి ఉన్న రోజు పడుకోనివ్వండి, నలుగురితో కలిసి కూర్చోనివ్వండి.

తల్లులారా, రెండు మూడు నెలలు క్యాలెండరు మీద గుర్తు పెట్టి చూడండి. ప్రతి నెలా ముట్టుకు ముందు పని చేసుకోలేనంత దిగులు, చావు ఆలోచనలు వస్తుంటే అది జబ్బు, దానికి మందు ఉంది. తాయెత్తు కట్టించకండి, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.