పింగాణీ పలకకు రంధ్రము



ఇంటిలో చేయు చిన్నపనులలో కొన్ని చూచుటకు మిక్కిలి సులభముగా నుండును. చేయబోయినచో ఇంటిల్లిపాదికిని తలనొప్పి తెచ్చును. స్నానాలగది గోడకు అతికించిన పింగాణీ పలకకు, అనగా మనమందరము టైలు అని పిలుచుదానికి, రంధ్రము వేయుట అట్టిపని. అద్దము తగిలించుటకో, తువ్వాలు ఆరవేయు కడ్డీ బిగించుటకో, సబ్బుపెట్టె నిలుపుటకో ప్రతి ఇంటను ఏదో ఒకనాడు ఈ పని పడక తప్పదు. ఆ పలక ఏల పగులునో, పగులకుండ పని ముగించుట ఎట్లో నేడు మీతో ముచ్చటింపదలచితిని.

మా తల్లిగారికి 75 ఏండ్లు దాటిన పిమ్మట, స్నానాలగదిలో పట్టుకొని లేచుటకు వీలుగా ఒక ఉక్కుకడ్డీ గోడకు బిగింపదలచితిమి. పని తెలియునని వచ్చిన ఒక యువకుడు డ్రిల్లుయంత్రమును, సుత్తివలె కొట్టుచు తిరుగునట్లు మార్చి, గోడకు ఆనించి మీట నొక్కెను. మూడు క్షణములు గడువకముందే టక్కుమని శబ్దమయ్యెను. రంధ్రమునుండి పలక మూలవరకు వెండ్రుకవంటి గీత యొకటి పాకినది. అట్టి పలక కొరకు అంగళ్లన్నియు తిరిగితిని. ఆ రంగు, ఆ కొలత తయారగుట ఏనాడో ఆగిపోయినదని చెప్పిరి. కడకు ఒక వృద్ధుడైన తాపీమేస్త్రీని పిలిపించితిని. ఆయన పగులును వ్రేలితో తడిమి చూచి, “బాబుగారూ, ఇది బరమాకు పగల్లేదండి, తొందరకు పగిలింది,” అనెను. ఆ మాటలోని నిజమునే నేను శాస్త్రరీతిగా విడమరచి చెప్పెదను.

పింగాణీకి ఒక గుణము కలదు. పైనుండి అణచు బరువును అది చక్కగా ఓర్చుకొనును; లాగుడును, వంపును ఓర్వలేదు. ఇనుపరేకు వంగును, కొయ్య నలుగును, పింగాణీ మాత్రము వంగక నలుగక ఒక్కసారిగా విచ్చిపోవును. గాజు మొదలగు పెళుసు పదార్థములు ఇంత సులభముగా ఏల పగులునో 1921లో గ్రిఫిత్ అను ఇంగ్లీషు ఇంజనీరు వివరించెను. ఆ పదార్థములలో కంటికి కనబడని సన్నని నెరియలు ముందుగనే ఉండును. బలము ప్రయోగించినప్పుడు అదంతయు నెరియ కొనయందు కేంద్రీకృతమగును; ఒక హద్దు మీరగానే నెరియ తనంత తాను పరుగెత్తును. రంధ్రము అంచున మనము చేయు ప్రతి చిన్న గాటును అట్టి నెరియయే. దానిని సుత్తిదెబ్బలతో పెంచుటయా, మెల్లగా అరుగదీయుటయా అనునది మన చేతిలోని పని.

ఇక పలకలలో రెండు ముఖ్యజాతులు కలవు. గోడకు వాడు సాధారణపు సిరామిక్ పలక లోపల మెత్తని కాల్చినమట్టి, పైన గాజుపూత. ఇది తన బరువులో నూటికి 10 వంతులకు మించి నీరు పీల్చగలదు. విట్రిఫైడ్ పలక అట్లు గాదు. అధికమైన వేడిమిలో కాలి, లోపలివరకు రాయివలె గట్టిపడి యుండును. అది పీల్చు నీరు నూటికి అరవంతు మించదు. మీ గోడనున్నది ఏ జాతియో తెలిసికొనుటకు ఒక సులభోపాయము కలదు. ఇల్లు కట్టించినప్పుడు మిగిలిన పలకముక్క ఉన్నచో, దాని వెనుకవైపున ఒక నీటిచుక్క వేయుడు. చుక్క ఇంకిపోయినచో సిరామిక్. ముత్యమువలె నిలిచినచో విట్రిఫైడ్. ఈ పరీక్ష ముందుగా చేసినవాడు సగముపని చేసినట్లే.

పలకను బట్టి పనిముట్టు. మెత్తని సిరామిక్ పలకకు బల్లెపుమొన ఆకారము గల టంగ్‌స్టన్ కార్బైడు బిట్టు చాలును. ఈ కార్బైడు మిశ్రమము జర్మనీలో 1920ల దశకమున వెలువడినది. దాని కాఠిన్యమును చూచి, వజ్రమువంటిది అను అర్థము వచ్చునట్లు ‘విడియా’ అని పేరిడిరి. విట్రిఫైడ్ పలకకు ఇది చాలదు. ఎంతసేపు తిప్పినను మొన ఎఱ్ఱబడి మొక్కపోవునే గాని పలక దిగదు. దానికి అంచున వజ్రపురవ్వలు తాపిన గొట్టమువంటి బిట్టు కావలెను. వజ్రపు బిట్టు నరకదు, అరుగదీయును. మన పెద్దలు సానమీద గంధము తీయుట చూచితిరి గదా! చెక్కను గట్టిగా అదిమినంతమాత్రమున గంధము త్వరగా రాదు. చుక్కచుక్కగా నీరు, సమమైన ఒత్తిడి, ఓపిక కావలెను. వజ్రపు బిట్టుకును అవియే కావలెను. నీరు లేనిచో వేడిమికి వజ్రపురవ్వలు ఊడిపోవును, పలకయు వేడెక్కి విచ్చును.

యంత్రము పట్టుటకు ముందు చేయదగిన పనులు మూడు కలవు. మొదటిది, గోడలోపల ఏమున్నదో ఊహించుట. విద్యుత్తు తీగలు సాధారణముగా స్విచ్చిపెట్టెనుండి నిలువుగనో అడ్డముగనో పోవును; నీటిగొట్టములు కుళాయినుండి షవరు వరకు నిలువుగా ఎక్కును. ఆ దారులను తప్పింపవలెను. ఆ గదికి పోవు విద్యుత్తును ఆపివేసి, బ్యాటరీతో నడచు యంత్రమును వాడుట ఉత్తమము. తడియున్న చోట 230 వోల్టుల తీగను పట్టుకొని పనిచేయుట ప్రాణముతో చెలగాటము. క్రొత్త ఇల్లు కట్టించుకొనువారు పలకలు అతికింపకముందే గోడల ఛాయాచిత్రములు తీసి దాచుకొన్నచో, ఇరువది ఏండ్ల తరువాతనైనను అవి అక్కరకు వచ్చును.

రెండవది, పలకను తట్టి చూచుట. సంతలో కుండ కొనునప్పుడు వ్రేలిగణుపుతో తట్టి వినుట మన ఆడువారికి తెలిసిన విద్యయే. పలకను గూడ అట్లే తట్టవలెను. గట్టి శబ్దము వచ్చినచో వెనుక సిమెంటు నిండియున్నది. బోలుగా మ్రోగినచో వెనుక ఖాళీ ఉన్నది. ఆధారము లేని ఆ చోట బిట్టు అదుముటతోడనే పలక వంగజూచి పగులును. అట్టిచోటు వదలి ప్రక్కకు జరుగుడు. అంచులకును మూలలకును కనీసము రెండు మూడు సెంటీమీటర్ల దూరము పాటింపవలెను.

మూడవది, గురుతు పెట్టుట. నునుపైన గాజుపూతపై బిట్టు జారి పలకనంతయు గీతలు పెట్టును. అందుచేత ఆ చోట మాస్కింగ్ టేపును ఒకదానిపై ఒకటి అడ్డముగ అంటించి, దానిపై పెన్సిలుతో గురుతు పెట్టవలెను. బల్లెపుమొన బిట్టును మొదట చేతితోనే నాలుగుచుట్లు త్రిప్పినచో గాజుపూతపై చిన్న గుంట పడును. ఆ గుంటలో మొన నిలుచును. గొట్టపు బిట్టుకు నడుమ మొన ఉండదు. కనుక దానిని కొంచెము ఏటవాలుగ పట్టి, నెలవంకవంటి గాడి పడిన తరువాత మెల్లగా నిటారుగ చేయవలెను. లేదా ఒక చెక్కముక్కకు ముందుగా రంధ్రము వేసి, దానిని గోడకు అదిమిపట్టి, ఆ రంధ్రము గుండ బిట్టును పోనీయవలెను.

ఇప్పుడు యంత్రము. దానిపై సుత్తి బొమ్మ గల మీట ఒకటి ఉండును. పలక దాటువరకు దానిని ముట్టరాదు; కేవలము తిరుగుటయే జరుగవలెను. కార్బైడు బిట్టుకు నిమిషమునకు 400 నుండి 800 చుట్ల వేగము మించకుండుట మేలు. చేతిబరువు మాత్రమే ఆనించి, నడుమనడుమ ఆపి, తడిస్పాంజితో చల్లార్చుచు పోవలెను. నీటిని యంత్రముమీద పోయరాదు. కండ్లకు అద్దములు, ముక్కునకు ముసుగు తప్పనిసరి. ఆ తెల్లని ధూళిలో ఇసుకజాతి కణములు ఉండును. అవి ఊపిరితిత్తులకు కీడు చేయును. ధూళిని ఎగురనీయక బురదగా మార్చుటయు తడి చేసెడి మేలే.

బిట్టు పలకను దాటగానే చేతికి తెలియును. శబ్దము మారును, వచ్చు పొడి రంగు మారును. అచట ఆగి, బిట్టు మార్చవలెను. పలక వెనుకనున్న ఇటుకకో కాంక్రీటుకో గోడబిట్టు వాడవలెను. కాంక్రీటు అయినచో అప్పుడు మాత్రము సుత్తివిధానము నుపయోగింపవచ్చును. అదియు బిట్టు పలక అంచులకు తగులకుండ.

మా మేస్త్రీ చెప్పిన రహస్యము ఇటుపైన వచ్చును. పెక్కు పలకలు రంధ్రము వేయునాడు పగులవు; మరమేకు బిగించునాడు పగులును. గోడలోనుంచు ప్లాస్టిక్ ప్లగ్గు మరమేకు దిగినకొలది ఉబ్బును. ఉబ్బి గోడను పట్టుకొనుటయే దాని పని. ఆ ప్లగ్గు మొదలు పలక మందములోనే ఉండిపోయినచో, ఆ ఉబ్బు పలకను లోపలినుండి చీల్చును. కనుక ప్లగ్గును పలక దాటి గోడలోనికి దింపవలెను. పలకలోని రంధ్రము ప్లగ్గుకంటె ఒక మిల్లీమీటరు వెడల్పుగా ఉన్నను దోషము లేదు, అది మేలే. మరమేకును చేతితోనే బిగించి, అది ఆగినచోట మనమును ఆగవలెను. స్నానాలగదిలో తుప్పుపట్టని స్టెయిన్‌లెస్ ఉక్కు మరమేకులనే వాడి, రంధ్రము చుట్టు సిలికాన్ జిగురు పూసినచో గోడలోనికి నీరు దిగదు.

తువ్వాలు కడ్డీకి ఇంతటితో చాలును. పెద్దవారు పట్టుకొను కడ్డీ సంగతి వేరు. తువ్వాలు కడ్డీ ఊడినచో తువ్వాలు క్రిందపడును. ఈ కడ్డీ ఊడినచో మనిషి పడును. అమెరికాలో 2010 నాటి ప్రమాణముల ప్రకారము అట్టి కడ్డీ 250 పౌనులు, అనగా సుమారు 113 కిలోల బలమునకు ఓర్వవలెను. నేలనుండి 33 మొదలు 36 అంగుళముల ఎత్తున అడ్డముగ ఉండవలెను. ఆ బరువును మోయవలసినది గోడయే గాని పలక కాదు. తేలికరకపు బోలుదిమ్మెల గోడయైనచో సాధారణపు ప్లగ్గు పనికిరాదు. అట్టి గోడలకై చేసిన ప్రత్యేకపు బిగింపులు వాడవలెను. బిగించిన తరువాత ఇంటిలో బలిష్ఠుడైన వాడొకడు తన బరువునంతయు వేసి లాగిచూడవలెను. అంతవరకు పెద్దవారిని దానిపై చేయి వేయనీయరాదు. తువ్వాలు కడ్డీని పట్టుకొని లేచు అలవాటు మీ ఇంట నున్నచో దానిని నేడే మాన్పింపుడు.

పగిలిన పలక మరల దొరకదను మాట మన యింటికే చెందినది కాదు. హైదరాబాదులోని బాద్షాహీ అశూర్‌ఖానా గోడలపై కుతుబ్‌షాహీల కాలపు రంగురంగుల పింగాణీ పలకల పనితనము నేటికిని చూడవచ్చును. 1908 నాటి మూసీ వరదలో క్రిందిభాగపు పలకలు చెడిపోగా, ఆ మేర రంగులతో చిత్రించి పూరించిరి. సుల్తానుల కట్టడమునకే పలకకు బదులు పలక దొరకనప్పుడు మనబోటివారి మాట చెప్పనేల?

మా మేస్త్రీ ఆనాడు నాలుగు రంధ్రములు వేయుటకు ఒక గంట తీసికొనెను. పగిలిన పలకను మార్చలేదు. దాని గీత కడ్డీయొక్క పళ్లెము క్రింద దాగునట్లు స్థానము కుదిర్చి, క్రొత్త రంధ్రములను బలమైన ప్రక్కపలకలలో వేసెను. కడ్డీ బిగించిన పిమ్మట తాను రెండుచేతులతో వ్రేలాడి చూచి, “ఇక అమ్మగారిని రమ్మనండి,” అనెను. మా తల్లిగారు వచ్చి పట్టుకొని నిలుచుండి, “ఇది కదలదురా,” అనిరి. ఆ ఒక్కమాట కొరకే గదా ఇంత శ్రమ!

ఓపికతో పనిచేయుడు, పలక నిలుచును. పలక వెనుకనున్న గోడను నమ్ముడు, మనిషి నిలుచును. సెలవు.