ఏటి అడుగున ఆల్చిప్పలు

పులుల గురించి, ఏనుగుల గురించి తరచు వింటూనే ఉంటాం. ఈ వారం ఏటి అడుగున ఇసుకలో ఉండే ఆల్చిప్పల గురించి చెబుతాను.

మనముంటున్న ఈ ఉత్తర అమెరికాలో మంచినీటి ఆల్చిప్పలు సుమారు 300 రకాలు. ఇంత వైవిధ్యం ప్రపంచంలో మరెక్కడా లేదు. ఇవి నీటిని లోపలికి పీల్చి, అందులోని నాచును తిని, తేటనీటిని బయటికి వదులుతాయి. జీతం అడగని ఫిల్టర్లన్నమాట!

వీటి పిల్లలు పుట్టగానే చేప మొప్పలను పట్టుకుని కొన్నాళ్లు బతకాలి. చాలా రకాలకు ఏ చేపైనా పనికిరాదు, తమకు సరిపడే చేపే కావాలి. ఆనకట్ట అడ్డమైతే ఆ చేప రాదు. అప్పుడు ముసలి ఆల్చిప్పలు ఏళ్ల తరబడి బతికే ఉంటాయి, పిల్లలు మాత్రం ఉండవు. పైగా గనుల మురికి, ఓడల్లో యూరప్ నుంచి వచ్చిపడ్డ జీబ్రా ఆల్చిప్పల బెడద.

అంతరించే జీవుల రక్షణకు 1973లో చట్టం వచ్చింది. అయినా 2023 అక్టోబరులో, ఇక లేవని జాబితా నుంచి తీసేసిన 21 జీవుల్లో 8 ఆల్చిప్పలే. చట్టం నీడ దొరికేసరికే ఆలస్యమైపోయింది.

మిగిలినవాటి కోసం వర్జీనియాలో చేపల సాయంతో పిల్లలను తొట్లలో పెంచి క్లించ్ వంటి నదుల్లో వదులుతున్నారు. అయితే నది బాగుంటేనే అవి నిలుస్తాయి.

మన వంతుగా, బోటును ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు తీసుకెళ్లే ముందు కడిగి, నీళ్లు వంపేసి, ఆరబెట్టండి. ఏట్లో కనబడ్డ ఆల్చిప్పను, పిల్లలు ముచ్చటపడినా సరే, అక్కడే ఉండనివ్వండి.

సెలవు.