వేరుపడ్డాక అవ్వ ఎవరింట్లో?



అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పెద్దమనుషులు ముందు చేను, బావి, ఎద్దులు పంచుతారు. ఆ తర్వాత గిన్నెలు, గడ్డివామి. అన్నీ అయ్యాక ఎవరో ఒకరు అడుగుతారు: అవ్వ ఎవరింట్లో ఉంటుంది? దేశాలు, రాష్ట్రాలు వేరుపడినప్పుడు ఆ అవ్వ భాషే. మూడు వైపులా కర్ణాటక ఉన్న మడకశిరలో సాహితీ సభ జరుగుతుంటే ఈ ప్రశ్న అడగకుండా ఎవరూ ఇంటికి పోకూడదు.

ముందు దూరాన జరిగిన ఒక వేరుపాటు చూద్దాం. 1973లో ఐరోపా ఉమ్మడి మార్కెట్‌లో చేరిన బ్రిటన్, 2016 జూన్ 23న ఓటు వేసి, 2020 జనవరి 31న ఐరోపా సమాఖ్య నుంచి బయటికొచ్చింది. ఆ దేశపు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో విడిపోదామన్నవారు 56.5 శాతం. పేద ప్రాంతమని 2000 నుంచి ఐరోపా నిధులు పెద్ద ఎత్తున అందుకున్న నేల అది. ఫలితం తేలీ తేలకముందే అక్కడి కౌన్సిల్, ఆ నిధులకు బదులు ఎవరిస్తారో చెప్పమని హామీ అడిగింది. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఈ మాట కొత్త కాదు. 2014 రాష్ట్ర విభజన చట్టం వెనుకబడిన ప్రాంతాలకు సాయం రాసిపెట్టింది. మొదటి ఏళ్లలో జిల్లాకు 50 కోట్ల చొప్పున వచ్చింది. కరువు నేలకు అదెంత చిన్న మొత్తమో ఇక్కడి రైతును అడగాలి.

కార్న్‌వాల్ భాష కార్నిష్ కథ ఒక చేపలమ్మే ఆవిడతో ముడిపడి ఉంది. పేరు డాలీ పెంట్రీత్. మౌజల్ అనే రేవు పల్లెలో ఉంటూ, చేపల గంప మోసి బతికింది. 1777లో ఆమె పోవడంతో కార్నిష్ మాట్లాడే చివరి మనిషి పోయిందని లోకం రాసుకుంది. 1904లో హెన్రీ జెనర్ ఒక పాఠ్యపుస్తకం రాశాడు. చచ్చిందన్న భాషను జనం పుస్తకం చూసి మళ్లీ నేర్చుకోవడం మొదలుపెట్టారు. 2011 జనగణనలో అదే తమ ప్రధాన భాష అన్నవారు 557 మంది. మౌజల్ పక్కనే న్యూలిన్ చేపల రేవు. అక్కడి చేపను ఫ్రాన్స్, స్పెయిన్ ఇష్టంగా కొనుక్కుంటాయి. 2021 జనవరి 1 తర్వాత ఆ చేప వెంట ఆరోగ్య ధ్రువపత్రం, కస్టమ్స్ కాగితాలు ప్రయాణం చేయాలి. సుంకం లేదు, కానీ ఆలస్యం ఉంది. చేపకు ఆలస్యమంటే నష్టమే.

మరి భాష? 2002లో కార్నిష్‌కు గుర్తింపు ఇచ్చిన ఒడంబడిక ఐరోపా మండలిది. సమాఖ్య వేరు, మండలి వేరు; మండలిలో బ్రిటన్ ఇప్పటికీ ఉంది. కాబట్టి గుర్తింపు నిలిచింది. ఆ భాషకు లండన్ ఏటా ఇచ్చే 1,50,000 పౌండ్లు మాత్రం 2016 వసంతంలోనే, ఓటుకు ముందే, ఆగిపోయాయి. అవ్వకు కూడు తప్పించింది వేరుపాటు కాదు, ఇంటివాళ్లే. ఈ తేడా గమనించాలి. లేకపోతే ప్రతి తప్పునూ సరిహద్దు గీత మీదకు నెట్టి చేతులు దులుపుకుంటాం.

ఇక్కడి గీత కథ ఇంకోరకం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నుంచి వేరుపడింది. బళ్లారి మైసూరు వాటాకు పోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో నిలిచాయి. మడకశిర ఇటు, తెలుగు మాట్లాడే పావగడ అటు. 1956లో రాష్ట్రాలను తిరిగి గీసినప్పుడు రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేర్చారు: అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక బడిలో తల్లిభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని. పంపకాల రోజునే అవ్వ పేరు కాగితంలో ఎక్కడం మామూలు విషయం కాదు. అమరాపురం, రొళ్ల, అగళి, గుడిబండ వైపు కన్నడ బడులు నడుస్తున్నాయంటే దాని వెనుక ఆ ఆలోచన ఉంది. రోడ్డు మీది గీత కూడా పలచబడింది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. బ్రిటన్ కట్టుకున్న గేటు లాంటిదాన్నే మనం తీసేశాం. వక్కల మూట సులువుగా గీత దాటుతోంది. పుస్తకం కూడా అంత సులువుగా దాటాలి.

పక్క భాష నేర్చుకునేవారికి ఒక చిన్న తాళంచెవి ఉంది. తెలుగు పాలు కన్నడంలో హాలు. పులి హులి, పాము హావు. పాత ‘ప’ అక్కడ ‘హ’ అయింది. నొళంబ రాజుల రాజధాని, ఇవాళ్టి హేమావతి, శాసనాల్లో పెంజేరు, హెంజేరు కూడా. ఒక ఊరిపేరులోనే రెండు భాషల తేడా కనిపిస్తుంది. కార్నిష్ నేర్చుకునేవారికీ ఇలాంటిదే దొరుకుతుంది: పొరుగున వెల్ష్‌లో నాన్నను ‘తాద్’ అంటే కార్నిష్‌లో ‘తాస్’ అంటారు. రొట్టె మాత్రం రెండింట్లోనూ ‘బరా’.

ఈ సభ చేయగలిగిన పని ఒకటుంది. అమరాపురం, పావగడ వైపు బడిపిల్లల చేతే ఇలాంటి జంట మాటలు ఏరించి, రెండు లిపుల్లో పక్కపక్కన ఒక చిన్న నోటుబుక్కు అచ్చువేయించాలి. మొదటి పేజీలో పాలు, హాలు. పక్కన ఒక ఆవు బొమ్మ.