గ్రామసభయు మనమును
(సంఘ వార్షికోత్సవమున చేసిన ప్రసంగము)



స్థానిక పరిపాలనతో ఉద్యోగులమైన మనకేమి పని యని కొందరు తలంపవచ్చును. 1964 నాటి ప్రవర్తన నియమావళి మనలను రాజకీయపక్షములలో చేరనీయదు, ఎన్నికలలో నిలువనీయదు. ఓటుహక్కును మాత్రము తీసివేయలేదు.

1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము నివేదిక నొసగినది. 1959లో రాజస్థానమును, దాని వెంటనే ఆంధ్రప్రదేశమును పంచాయతీరాజ్యమును నెలకొల్పినవి. 1993 ఏప్రిల్ 24న అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము గ్రామసభకు రాజ్యాంగమున స్థానము కల్పించినది. గ్రామపు ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారును ఆ సభకు సభ్యులే.

మూడేండ్ల క్రిందట సెలవుపై మా యూరికి పోయినప్పుడు గ్రామసభ జరిగినది. వచ్చినవారు పదునేడుగురు, అందు నలుగురు సిబ్బంది. నేను ఒక మూల కూర్చుంటిని. ఒక వృద్ధురాలు లేచి, తమ వీధి కొళాయికి నీరెక్కక ఆరు మాసములైనదని చెప్పి, "వ్రాసుకొనండి నాయనా" యని రెండుమారులు వేడుకొన్నది. ఎవరును వ్రాసినట్లు కనబడలేదు.

మరునాడు హాజరుపుస్తకము ఇంటింటికి తిరిగినది. సభకు రాని మా అన్నగారు కాఫీ త్రాగుచునే సంతకము చేసి, "నీవును చేయరాదా" యని పుస్తకమును నా వైపు జరిపిరి. నా పేరు ఢిల్లీ జాబితాలో నున్నదని చెప్పి తప్పించుకొంటిని. ఆయన సంతకమును గూర్చి మాత్రము నోరు మెదపలేకపోతిని. పెద్దవారు, పైగా నేను నాలుగు దినముల చుట్టమును!

ఆనాటినుండి నా బల్లమీది కాగితములలో "గ్రామసభ ఆమోదించినది" అను వాక్యము కనబడినప్పుడెల్ల ఆ కాఫీగ్లాసు జ్ఞాపకమునకు వచ్చుచున్నది.

పూర్వము చెరువు పూడిక తీయుటకు ఇంటికొక మనిషి పోయెడివాడని మన పెద్దలు చెప్పుదురు. మెచ్చదగినదే. కాని ఆనాటి రచ్చబండపై స్త్రీలకు గాని, దళితులకు గాని చోటెక్కడిది? ఆ వృద్ధురాలు లేచి మాటాడుటకు చట్టము చోటిచ్చినది. వినవలసిన మనవారే ఇండ్లలో కూర్చుండిరి. నాకు ఎక్కువ బాధ కలిగించునది ఇదియే.

క్రిందటి వారము అన్నగారికి ఫోను చేసి కొళాయి సంగతి అడిగితిని. తెలియదనిరి. ఆనాడు అనలేని మాటను అప్పుడంటిని. కొంచెము సేపు మౌనము వహించి, రానున్న సభకు పోయి తెలిసికొందునని చెప్పిరి. ఆ తేదీని నా దినచర్య పుస్తకమున వ్రాసియుంచుకొంటిని.