అటకమీది నెగటివులు

అటకమీది ఊరగాయ జాడీలను ఏటేట దింపి కడుగుదుము. పెట్టెలోని పట్టుచీరల మడతలు మార్చుదుము. కాని అదే అటకపై బిస్కట్ల డబ్బాలో పడియున్న ఫోటో నెగటివులను జ్ఞప్తికి తెచ్చుకొనువారు అరుదు. ఫోటో గోడమీద నున్నది గదా, ఈ నల్లని ఫిల్ము ముక్కలతో ఇంక పనియేమి యని తలతుము. మేమును చాలకాలము అట్లే తలచితిమి. అది ఎంత పొరపాటో మాకు తెలిసివచ్చిన విధమును, ఆ నెగటివులను ఇంటి స్కానరుతో డిజిటల్ చిత్రములుగా మార్చుకొను పద్ధతిని నేడు మనవి చేయుదుము.

కెమెరాలో వెలుగు తాకినది నెగటివునే. కాగితముపై మనము చూచు బొమ్మ దానికి నకలు మాత్రమే. 1835లో ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ తన లేకాక్ ఆబీ గృహములోని కిటికీని కాగితముపై నెగటివుగా పట్టెను. ఒకే మూలమునుండి ఎన్ని నకళ్ళనైనను తీయు పద్ధతికి అది నాంది. హైదరాబాదులో ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్ దయాళ్ గాజుపలక నెగటివులు నేటికిని ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళాకేంద్రములో భద్రముగా నున్నవి. మన యింటి డబ్బాకు అట్టి రక్షణ లేదు.

మన యిండ్లలోని ఫిల్ములలో పెక్కింటికి ఆధారము సెల్యులోజ్ అసిటేటు. వేడియు తేమయు సోకినకొలది అది విచ్ఛిన్నమై అసిటిక్ ఆమ్లమును వెలువరించును. డబ్బా మూత తీయగానే వెనిగరు వాసన వచ్చినచో ఆ పని ఆరంభమైనదని గ్రహింపవలెను. వెలువడిన ఆమ్లమే మిగిలిన ఫిల్మును మరింత త్వరగా చెరచును. కావున వాసన వచ్చు ముక్కలను తక్కినవానినుండి వేరుచేసి, వానినే ముందుగా స్కాను చేయవలెను. 1950 ప్రాంతమునకు ముందటి ఫిల్ములలో కొన్ని నైట్రేటువి; అవి సులభముగా అంటుకొనును. వానిని వేడికి, నిప్పుకు దూరముగా నుంచి, తెలిసినవారికి చూపుట మేలు.

ఇక స్కానరు మాట. మేము మొదట కాగితములకు వాడు స్కానరుపై నెగటివు నుంచి మూత వేసితిమి. నల్లని చదరము తప్ప ఏమియు రాలేదు. నెగటివునకు వెలుగు వెనుకనుండి రావలెను. కావున మూతలోపల దీపమున్న స్కానరునే ఎన్నుకొనవలెను. ఫిల్మును అంచులతో పట్టుకొని, గాలి బుడ్డితో దుమ్ము ఊది, చట్రములో నమర్చవలెను. నీటితో కడుగరాదు, మసక వైపున నున్న జెలటిన్ పొర తడికి ఉబ్బును.

అంగుళమునకు ఎన్ని చుక్కలు చదువవలెనను ప్రశ్న అందరికిని వచ్చును. 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై బొమ్మ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు. 2400 చుక్కల చొప్పున చదివినచో సుమారు 77 లక్షల చుక్కలు వచ్చును. అది 11 అంగుళముల పొడవుగల ముద్రణకు చాలును. ఆగ్ఫా క్లిక్-3 వంటి కెమెరాల చదరపు నెగటివు పెద్దది గనుక 1200 చొప్పుననే 70 లక్షలు వచ్చును. మూలప్రతిని టిఫ్ రూపములో దాచి, బంధువులకు పంపుటకు జెపెగ్ నకలు తీయుట మంచిది.

దుమ్మును పరారుణ కాంతితో తొలగించు సదుపాయము కొన్ని స్కానరులలో కలదు. రంగు ఫిల్మునకు అది చక్కగా పనిచేయును. నలుపు తెలుపు ఫిల్ములోని వెండి ఆ కాంతిని అడ్డగించును గాన, అక్కడ బొమ్మయే చెడును. కోడాక్రోమ్ స్లైడులకును దీనిని జాగ్రత్తగా వాడవలెను. 1935లో వచ్చిన ఆ ఫిల్ము తయారీ 2009లో నిలిచిపోయినది. అయినను చీకటిలో నుంచిన కోడాక్రోమ్ రంగులు నేటికిని నిలిచియుండుట విశేషము.

మా డబ్బాలో 1972 నాటి మా తల్లిదండ్రుల పెండ్లి నెగటివులు పండ్రెండు దొరికినవి. మా పినతండ్రిగారు క్లిక్-3తో తీసినవి. నాలుగింటిపై పొర ముడుతలుపడి బొమ్మ పోయినది. మిగిలినవానిలో ఒకటి గోడమీది పటమునకు మూలము. దానిని స్కాను చేసి చూడగా, పటములో లేని ఒక స్త్రీ ఎడమ అంచున, స్తంభము చాటున, తెల్లని ముసుగుతో నిలిచియుండెను. చదరపు నెగటివును పొడుగుపాటి కాగితముపై ముద్రించినప్పుడు ఆ అంచు తెగిపోయినది.

మా తల్లిగారు తెరకు దగ్గరగా వచ్చి చాలసేపు చూచిరి. “ఆవిడ మీ నాన్నగారి మేనత్తరా. పెళ్ళి వంటంతా ఆవిడ చేతి మీదుగానే జరిగింది. పందిట్లోకి మాత్రం ఎవరూ పిలవలేదు” అనిరి. బాల్యములోనే వైధవ్యము పొందిన ఆమెను ఎవరును ఫోటో తీయించలేదు. మా యింట ఆమె రూపము మరియొకటి లేదు. ఈ మాట చెప్పిన మరుసటి యేట మా తల్లిగారు గతించిరి.

అందుచేత మా మనవి ఒక్కటే. స్కాను చేయుటతో పని సగమే యగును. ఇంటి పెద్దలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, బొమ్మలోనివారి పేరు, వరుస, ఊరు అడిగి అప్పుడే వ్రాసికొనవలెను. ఫిల్ము అంచుననున్న అక్షరములను గూడ చదువవలెను. ఊటీలో తయారైన ‘ఇందు’ ఫిల్ము అయినచో, ఆ సంస్థ 1960లో స్థాపితమైనది గనుక, బొమ్మ అంతకు ముందటిది కాజాలదు. చిత్రములను రెండు వేరువేరు చోట్ల దాచవలెను. నెగటివులను పారవేయక, కాగితపు కవరులలో వేరువేరుగా నుంచి, పొడిగా చల్లగా నుండు చోట భద్రపరుపవలెను.

గోడమీది పటమును దింపి, నెగటివు మొత్తమును మరల ముద్రింపించితిమి. ఇప్పుడు మా పిల్లలు ఆమె యెవరని అడుగుచున్నారు. మేము పేరు చెప్పగలుగుచున్నాము.